ఆమేన్ దాకా ఆగిన అన్నం

భిలాయి, సెక్టర్ 6
ఆగస్టు 2005

ప్రియమైన ఫ్లోరాకు,

ప్రభువు నామంలో వందనాలు. ఆయన దయవల్ల మీ అమ్మా, మీ నాన్నా, మన పాప ఏంజెలా, నేనూ అందరం ఇక్కడ క్షేమం. మస్కట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్మకం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట ఆలోచించకుండా రాసేస్తాను. ఈసారి మాత్రం ‘క్షేమం’ అని రాయబోయి కాసేపు ఆగాను. అన్నీ సరిచూసుకుని, నిజమేనని తేల్చుకున్నాకే రాశాను. కాబట్టి కంగారుపడి చివరి పేజీకి గెంతకు. నీకా అలవాటుంది.

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినవాటిలో పెద్దది కాంట్రాక్టు సంగతి. ఇంకో రెండేళ్ళు ఉండమని ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారనీ, నెలాఖరులోగా సంతకం పెట్టాలో వద్దో నన్ను చెప్పమనీ రాశావు. శుక్రవారం ఫోన్లోనూ అదే అడిగావు. నేను "నీ ఇష్టం" అన్నాను. నువ్వు "కాదు, మీ ఇష్టం" అన్నావు. ఇద్దరం కొత్త వియ్యంకుల్లాగా మర్యాదలు చేసుకుంటూ ఉండగానే మీ అమ్మ రిసీవర్ లాక్కుంది. ఆ ఫోన్ ఉన్న గది ఎంతో నీకు తెలుసు కదా. ఒక పక్క మీ నాన్న, ఒక పక్క మీ అమ్మ, మధ్యలో ఏంజెలా. వాళ్ళందరి ముందూ మనసులో మాట ఎలా చెప్పను? అందుకే ఈ ఉత్తరం. జవాబు ఇందులోనే ఉంది. కాని దానికి ముందు ఇక్కడ జరిగిన కొన్ని సంగతులు చెప్పాలి. అవి తెలియకపోతే నా జవాబు నీకు సరిగ్గా అర్థం కాదు.

ఏంజెలా తెలుగు ఎంతవరకు వచ్చిందని అడిగావు. గుణింతాలు వచ్చేశాయి. ఒత్తుల దగ్గరే పేచీ పెడుతోంది. మొన్న నీకు ఉత్తరం రాశానని తెచ్చి చూపించింది. చక్కటి తెలుగు అక్షరాల్లో "మమ్మీ తుమ్ కబ్ ఆవోగీ" అని ఉంది. ఎప్పుడొస్తావని నిన్ను హిందీలోనే అడిగింది. నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. మీ నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అచ్చరాలు మనవే గదా, బాస మెల్లిగా వస్తాదిలే" అని దాని వీపు తట్టారు. ఆ కాగితం దీంతో పాటు పంపుతున్నాను.

నా కొత్త పని గురించి వివరంగా రాయమన్నావు. డాక్టర్ గురునాథరావు గారు మా షుగర్ క్లినిక్‌కి ఒక యంత్రం తెప్పించారని కిందటి ఉత్తరంలో రాశాను కదా. చూడటానికి పేజర్ అంత ఉంటుంది. దానికో సన్నటి వైరు, వైరు చివర వెంట్రుకంత తీగ. ఆ తీగను పొట్ట మీద చర్మం కిందకి దించి, పైన ప్లాస్టర్ అంటించి, డబ్బాను నడుముకు తగిలించి ఇంటికి పంపిస్తాం. మూడు రోజులు అలాగే ఉంచుకోవాలి. ఒంట్లో షుగర్ ఎంతుందో పగలూ రాత్రీ అది నిమిషాల మీద గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. పెట్టుకున్న మనిషికి మాత్రం ఏమీ చెప్పదు. తిరిగి తెచ్చి కంప్యూటర్‌కి తగిలించినప్పుడే గీతంతా బయటపడుతుంది. ఈ లోపల పేషెంటు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని, మామూలు మీటర్లో వచ్చిన అంకెను దీనికి ఎక్కించాలి. ఇన్సులిన్ తీసుకున్నప్పుడు ఒక గుర్తు, తిన్నప్పుడు ఒక గుర్తు బటన్ నొక్కి పెట్టాలి. ఇవన్నీ నేర్పించడమే నా ఉద్యోగం. వినడానికి ఎంత సులువుగా ఉందో చూశావా? నేనూ అలాగే అనుకున్నాను.

మీ నాన్నతో పాటు స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో రిటైరైన బలరాం గారు గుర్తున్నారా? ఇప్పుడు ఉతైలో ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. మొదట యంత్రం పెట్టింది ఆయనకే. మూడు రోజుల తరువాత గీత చూస్తే ప్రతి సాయంత్రం కొండంత పైకి లేచింది. అక్కడ తిన్నట్టు గుర్తే లేదు.

"సాయంత్రం పూట ఏం తిన్నారు బాబాయ్?" అని అడిగాను.

"నానా? ఏటీ తిన్లేదు బాబూ."

"ఏమీ తినకుండా ఇంత ఎందుకు పెరుగుతుంది?"

"ఏటోమరి. టీ తాగినాను. నాలుగు జిలేబీలు, రెండు సమోసాలు నోట్లో ఏసుకున్నాను. తిండంటే రాత్రికే గదా!"

ఆయన అబద్ధమాడలేదు ఫ్లోరా. మనకి తినడమంటే అన్నం తినడమే. డజను పూరీలు లాగించి కూర్చున్నా, ఎవరైనా "తిన్నారా?" అంటే "ఇంకా లేదండీ" అనే జాతి మనది. నేను నేర్పేటప్పుడు "తిన్నప్పుడల్లా నొక్కండి" అన్నాను కాని, తినడమంటే ఏమిటో చెప్పలేదు. అప్పటి నుంచి "నోట్లో ఏది పడినా నొక్కండి" అంటున్నాను. దాంతో ఆయన భార్య కన్నమ్మ గారికి సందేహం వచ్చింది. "గుడాఖు ఎట్టుకుంటే నొక్కాలా బాబూ?" అంది. ఇక్కడే పుట్టి, కుళాయిల దగ్గర ఆడవాళ్ళు ఆ నల్లటి పొగాకు ముద్దతో పళ్ళు తోముకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. అందులో బెల్లం కలుస్తుందని నాకు ఏనాడూ తట్టలేదు. డాక్టర్ గారికి చెబితే ముందు పడీ పడీ నవ్వారు. తరువాత నవ్వు ఆపి, "నొక్కమను" అన్నారు.

ఇక మీ అమ్మ సంగతి. సాయంత్రాలు అమ్మమ్మకు కళ్ళు తిరుగుతున్నాయని ఏంజెలా నీకు ఫోన్లో చెప్పిందనీ, అది నిజమేనా అనీ అడిగావు. నిజమే. నేను అప్పుడు నీరసం అని తేల్చేశాను. అసలు ఏమిటన్నది నాకూ తెలియదు. పొద్దున్నే క్లినిక్‌కి వచ్చి రక్తం ఇస్తే షుగర్ ఎక్కువగా ఉండేది. ఎక్కువగా ఉందని డాక్టర్ గారు రాత్రి ఇన్సులిన్ పెంచేవారు. పెంచినకొద్దీ మనిషి వాడిపోయేది, పొద్దుటి అంకె మాత్రం తగ్గేది కాదు. చివరికి నేనే పట్టుబట్టి, యంత్రం పెట్టుకోమన్నాను.

ఒప్పించడం అంత తేలిక కాలేదు. పొట్టకు డబ్బా కట్టుకుని చర్చికి ఎలా వెళ్ళడం అన్నది మొదటి అభ్యంతరం. చీర కుచ్చిళ్ళ చాటున కనబడదని చెప్పాను. రెండోది వింటే నువ్వు కూడా నవ్వుతావు. "ఆదివారం ప్రభు భోజనం తీసుకుంటాను గదా. అదీ భోజనమేనా? నొక్కాలా?" అంది. చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. నా లెక్క ప్రకారం తిండే. కాని మీ అమ్మ ముఖం చూస్తూ "అవును, తిండే" అనడానికి నాకు నోరు రాలేదు. సోమవారం పెడదాంలే అత్తయ్యా అని తప్పించుకున్నాను.

సోమవారం పెట్టాను. బలరాం గారి దెబ్బ తిన్నవాణ్ణి కదా, ఈసారి జాగ్రత్తగా చెప్పాను. టీ తాగినా నొక్కాలి, అటుకులు తిన్నా నొక్కాలి, రాత్రి అన్నానికి కూర్చోగానే నొక్కాలి. మీ అమ్మ నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. అసలు చిక్కంతా అందులోనే వచ్చింది.

గీత వచ్చాక డాక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. "చూడు డేవిడ్, ఇక్కడ రాత్రి భోజనం గుర్తుంది. తిన్నాక గీత పైకి పోవాలి. మీ అత్తగారికి కిందకి పోతోంది. మూడు రోజులూ ఇంతే. ఎక్కడిదాకా దిగిందో చూడు" అన్నారు. చూశాను. ఇంకొంచెం దిగితే మనిషి స్పృహ తప్పే అంకె అది. అలా అట్టడుగుకు పోయి, తరువాత ఎగదన్ని, పొద్దుటికి ఎక్కడో పైన ఉంటోంది. పొద్దుటి పరీక్షలో మేం చూస్తున్నది ఆ పైనున్న ముక్కనే. అది చూసి మందు పెంచుతున్నాం.

"నేను నేర్పడంలో తప్పు జరిగి ఉంటుంది సార్" అన్నాను.

"జరిగిందో లేదో ఇక్కడ కూర్చుంటే తెలియదు. ఇవాళ వాళ్ళతో పాటు అన్నానికి కూర్చో. అయినా ఒకే ఇంట్లో మనిషివి, రోజూ వాళ్ళతోనే తింటావు కదా, నీకు తెలియకపోవడమేమిటి?" అన్నారాయన. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. నీకు చెబుతాను, కొంచెం ఆగు.

ఆ సాయంత్రం పెందలాడే ఇంటికి వెళ్ళాను. మీ అమ్మ ఇన్సులిన్ చేసుకుంది. అరగంట ఆగి కంచాలు పెట్టింది. వడ్డించింది. నడుముకు ఇప్పుడు డబ్బా లేకపోయినా, నేను చూస్తున్నానని బటన్ నొక్కినట్టు గర్వంగా చేసి చూపించింది. అప్పుడు మీ నాన్న కళ్ళు మూసుకున్నారు.

మన పెళ్ళైన కొత్తలో ఆయన భోజన ప్రార్థన ఎంతసేపుండేదో నీకు గుర్తుందా? పులుసు మీద ఆవిరి పోకముందే ఆమేన్ అయిపోయేది. నేను అదే అనుకుని కూర్చున్నాను. కాని నువ్వు వెళ్ళాక ఆ ప్రార్థన పెరిగింది ఫ్లోరా. నెల నెలా పెరుగుతూ వచ్చింది. ముందు అన్నం పెట్టినందుకు కృతజ్ఞత. ఆ తరువాత వానలు, పాస్టర్ గారి మోకాళ్ళు, ప్లాంట్‌లో షిఫ్ట్‌లో ఉన్న పిల్లలందరూ, బలరాం గారి జిలేబీలు. అవన్నీ అయ్యాక గొంతు మారింది. "నా బిడ్డ ఫ్లోరా" అన్నారు.

"ప్రభువా, ఆ ఎండలో నా బిడ్డ తల మాడకుండా నీ చెయ్యి అడ్డమెట్టు. ఆ మేడలో లిఫ్ట్ అంటే దానికి బయం. ఒక్కర్తీ ఎక్కినప్పుడు నువ్వు తోడెక్కు. పక్క మంచం పిల్ల రేడియో ఎట్టి దాన్ని పడుకోనివ్వడం లేదంట, ఆ పిల్లకి కాస్త బుద్ధియ్యి ప్రభువా. అక్కడ చేప దొరుకుతాది గాని మన పులుసు దొరకదు. దాని నాలిక చచ్చిపోకుండా చూడు…"

నీకు లిఫ్ట్ అంటే భయమని నాకు తెలియదు. మీ అమ్మకు చెప్పుకున్నావు, నాకు చెప్పలేదు. అది ఆలోచిస్తూ, ప్రార్థనలో చెయ్యకూడని పని చేశాను. కళ్ళు తెరిచాను.

మీ అమ్మ పై పెదవి మీద చెమట. జోడించిన చేతులు వణుకుతున్నాయి. "స్తోత్రం… స్తోత్రం…" అంటోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. కృపమ్మ గారికి ఈ మధ్య ప్రార్థనలో ఒళ్ళు వణికి కన్నీళ్ళు వస్తున్నాయనీ, ఎంత భక్తో అనీ మీ అమ్మ గురించి సంఘంలో చెప్పుకోవడం నా చెవినా పడింది. నేనూ భక్తే అనుకున్నాను. ఏంజెలా ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, "డాడీ, రోజ్ ఐసా హీ హోతా హై" అని గుసగుసలాడింది. రోజూ ఇంతేనట.

లేచి గ్లాసులో పంచదార కలిపి మీ అమ్మ నోటి దగ్గర పెట్టాను. మీ నాన్న కళ్ళు తెరిచారు. ఆయన కోపం నీకు తెలుసు.

"ఏటది అల్లుడూ? ఇంకా ఆమేన్ కాలేదు."

"మీ ఆమేన్ అయ్యేసరికి అత్తయ్య మిగలదు మావయ్యా!" అన్నాను. పెద్దాయనతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. అక్కడే ఆమె వేలు గుచ్చి మీటర్ ఆయన కళ్ళ ముందు పెట్టాను. ఉద్యోగమంతా మీటర్లు చూసి బతికిన మనిషి. ఆ అంకె ఎంత తక్కువో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మీ అమ్మకు నేను ముద్దలు కలిపి పెట్టాను. ఆయన మాత్రం ఆ పూట తినలేదు.

తప్పెక్కడ జరిగిందో చూశావా? ‘అన్నానికి కూర్చోగానే నొక్కు’ అన్నాను. మన భాషలో అన్నానికి కూర్చోవడమంటే తినడమే. మీ ఇంట్లో ఆ రెంటికీ మధ్య ఒక ప్రార్థన ఉంది. సూది మందు తన పని తాను చేసుకుపోతోంది, కంచంలో అన్నం ఆమేన్ కోసం ఎదురు చూస్తోంది.

మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. ముందు తినండి, తరువాత ప్రార్థన చేసుకోండి అన్నాను.

"పెట్టినోడికి దండమెట్టకుండా తినీమంటావేటి?" అన్నారు మీ నాన్న. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

"పోనీ చిన్నది చేసుకోండి."

దానికి ఆయన ఏమైనా అనేలోపలే మీ అమ్మ లేచి నిలబడింది. "చిన్నదెందుకవుతాది? అలాగేటీ కుదర్దు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. నాకు వీపు పెట్టి గిన్నెలు సర్దుతూ మాట్లాడింది.

"కళ్ళు తిరుగుతున్నాయని నాకు తెల్దనుకున్నావా బాబూ? తెలుసు. దాని పేరు వచ్చే టయానికే మొదలవుతాది. ఆపీమంటే మీ మావ దేన్ని తగ్గిస్తాడు? వానల్ని తగ్గిస్తాడా, పాస్టర్‌గార్ని తగ్గిస్తాడా? చివర్నున్నది నా కూతురే గదా. దాన్నే తగ్గిస్తాడు. అందుకే నోరు మూసుకున్నాను. రోజంతట్లో దాని పేరు అంతసేపు వినేది అప్పుడే." అప్పుడు నా వైపు తిరిగి, "ఇది ఫ్లోరాకి రాసీకు. రాస్తే నా మీద ఒట్టే" అంది.

ఒట్టు తీసి గట్టున పెట్టి రాసేశాను. నువ్వే నన్ను కాపాడాలి.

మూడు నాలుగు రోజులు మీ నాన్న ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చెట్లకు నీళ్ళు పోస్తూ, సైకిల్ తుడుస్తూ, తనలో తాను ఏదో లెక్క వేసుకుంటూ తిరిగారు. తరువాత ఒక సాయంత్రం కంచాల దగ్గర కూర్చుని, "షిఫ్ట్ మార్చీసినాను" అని ప్రకటించారు. "అన్నం ముందు ఒక్క మాటే. పెట్టినావు ప్రభువా, నీకు వందనం. బస్. వానలు, పాస్టర్‌గారు, ప్లాంటు, అందరూ తిన్నాకే. ఫ్లోరాది సెకండ్ షిఫ్ట్."

మీ అమ్మ అనుమానంగా చూసింది. "సెకండ్ షిఫ్ట్ అంటే మరి ఓటీ ఉంటాదా?"

"ఉంటాది. ఎంతసేపైనా ఉంటాది."

"అయితే సరే" అని ముద్ద కలిపింది. అప్పుడు నేను బయటకు వెళ్ళి చెయ్యి కడుక్కునే వంకతో కాసేపు నిలబడి వచ్చాను.

కిందటి వారం మళ్ళీ యంత్రం పెట్టాం. గీత ఎక్కాల్సిన చోట ఎక్కింది, దిగాల్సిన చోట దిగింది. పాతాళానికి ఒక్కసారి కూడా పోలేదు. డాక్టర్ గారు రాత్రి మందు బాగా తగ్గించారు. కళ్ళు తిరగడం పోయింది. మొన్న నాతో పాటు సెక్టర్ 6 మార్కెట్‌కి నడిచి వచ్చి, కూరగాయల దగ్గర భయ్యాతో హిందీలో పోట్లాడి మరీ బేరం చేసింది. ఇప్పుడు ప్రార్థనలో వణకడం లేదు. కృపమ్మ గారికి ఈ మధ్య భక్తి తగ్గిందని ఒకరిద్దరు అంటున్నారట. మీ అమ్మ చెప్పి చెప్పి నవ్వుతోంది. కాబట్టి క్షేమం అని పైన రాసింది నిజమే.

ఇప్పుడు డాక్టర్ గారి ప్రశ్నకు జవాబు. ఒకే ఇంట్లో ఉంటూ నాకెందుకు తెలియలేదు?

క్లినిక్ ఆలస్యంగా మూస్తారనీ, అందుకే రాత్రి నేను వేరేగా తింటాననీ నీకు రాస్తూ వచ్చాను. క్లినిక్ చీకటి పడకముందే మూసేస్తారు ఫ్లోరా. అక్కడి నుంచి బయలుదేరి మార్కెట్ దగ్గర టీ ఠేలా బెంచీ మీద కూర్చుంటాను. ఇంట్లో కంచాలు తీసే వేళయిందని అనిపించాక స్కూటర్ స్టార్ట్ చేస్తాను. నువ్వు వెళ్ళిన మొదటి వారం నేనూ వాళ్ళతోనే కూర్చున్నాను. మీ నాన్న "నా బిడ్డ ఫ్లోరా" అన్నాక కళ్ళు తుడుచుకోవడమే సరిపోయేది. ముద్ద దిగేది కాదు. అందరి ముందూ మగవాణ్ణి, అల్లుణ్ణి, ఏంజెలా చూస్తూ ఉంటుంది. ఏం చెయ్యను? నీ పేరు నాలో నేను రోజంతా అనుకోగలను. ఇంకొకరు పైకి అంటే తట్టుకోలేను. ఒక్కరోజు వినలేక లేచిపోయాను. అదే అలవాటైపోయింది. మీ అమ్మ ఆ పేరు వినడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంది. నేను ఆ పేరు వినలేక బజారు బెంచీ మీద కూర్చున్నాను. అదే గదిలో కూర్చుని ఉంటే మొదటి నెలలోనే పట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు రోజూ కూర్చుంటున్నాను. మొన్న సెకండ్ షిఫ్ట్‌లో మీ నాన్న, "నువ్వూ ఒక మాట అను బాబూ" అన్నారు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఫ్లోరా…" అన్నాను. ఆ పైన ఒక్క మాట కూడా రాలేదు. చాలాసేపు చూసి, నా తరఫున మీ నాన్నే ఆమేన్ అన్నారు. అప్పుడు రాని మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వడిగిన కాగితం గురించి. పోయిన నెలలో రాసి ఉంటే ఒక్క వాక్యం సరిపోయేది. అమ్మకు బాగాలేదు, వచ్చెయ్. నువ్వు దొరికిన విమానం ఎక్కేసేదానివి. ఇప్పుడు ఆ మాట రాయడానికి లేదు, అమ్మ బాగుంది. మీ నాన్న కూడా గట్టిగా ఉన్నారు. ఏంజెలా పేరు చెబుదామంటే, అది సాయంత్రాలు ఏడవడం మానేసి చాలా రోజులైంది. అందుకు సంతోషించాలో లేదో నాకు తెలియదు కాని, మానేసింది. ఇల్లు కారడం లేదు. నా ఉద్యోగం బాగుంది. కూర్చుని వెతికాను ఫ్లోరా, నిన్ను రమ్మనడానికి సాకు ఒక్కటి కూడా మిగల్లేదు.

సాకు లేకుండానే అడుగుతున్నాను. సంతకం పెట్టకు. వచ్చెయ్. పిల్ల కోసం కాదు, పెద్దవాళ్ళ కోసం కాదు. నువ్వు లేకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. మన మంచం మీద నీ వైపు ఇప్పటికీ జరగలేకపోతున్నాను. నీకు అక్కడి వార్డూ, ఆ పనీ నచ్చి ఉండాలనిపిస్తే, ఆ మాటే సూటిగా రాయి. బాధపడతాను, ఒప్పుకుంటాను కూడా. కాని మా కోసమని మాత్రం ఇంకో రెండేళ్ళు రాసివ్వకు.

బొంబాయిలో దిగి హౌరా వైపు వెళ్ళే బండి ఎక్కితే దుర్గ్‌లో దిగుతావు. ఏ రోజు బయలుదేరుతున్నావో ఇంటికి ఫోన్ చెయ్యకు, క్లినిక్‌కి చెయ్. వీళ్ళకి నేను ఒక పూట ఆలస్యంగా చెబుతాను. స్టేషన్‌కి ఎవరినీ తీసుకురాను. మొదట నిన్ను నేనొక్కణ్ణే చూడాలి.

ఇట్లు,
ఈ ఒక్క ఉత్తరం వరకు ఎవరి అల్లుడూ, ఎవరి తండ్రీ కాని,
నీ భర్త
డేవిడ్‌రాజ్